నైపుణ్యానికి కట్టిన వెల: హైదరాబాదులో కంప్యూటరు మరమ్మతు వృత్తి పరిణామం

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో కంప్యూటరు మరమ్మతు చిన్న దుకాణాల వృత్తిగా ఎదగక ముందు, అది పెద్ద సంస్థలకు, వాటి జీతగాళ్లకు మాత్రమే తెలిసిన పని. 1967లో హైదరాబాదులో ప్రభుత్వరంగ సంస్థగా ఏర్పడిన ఈసీఐఎల్, టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. విదేశీ సంస్థల వాటాలకు భారత ప్రభుత్వం విధించిన పరిమితికి సమ్మతించక ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లినప్పుడు, అది వదిలిన యంత్రాల నిర్వహణను 1975లో నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే తర్వాతి కాలపు సీఎంసీ, చేపట్టింది. యంత్రానికి యజమాని ఒక సంస్థ, బాగుచేసేది మరొక సంస్థ, రెండింటినీ కలిపేది ముందుగా రాసుకున్న ఒప్పందం కావడంతో, ఒక్కొక్క మరమ్మతుకు వెల ఎంత అనే ప్రశ్న ఆనాడు పెద్దగా తలెత్తలేదు.

ఆ ప్రశ్నకు చోటిచ్చింది వ్యక్తిగత కంప్యూటరు. 1981లో ఐబీఎం విడుదల చేసిన పీసీ, వేర్వేరు తయారీదారుల భాగాలను కలిపి బిగించుకోగల నిర్మాణంతో వచ్చింది. 1984 నవంబరులో ప్రకటించిన కొత్త కంప్యూటరు విధానం దిగుమతులను సడలించగా, 1991 ఆర్థిక సంస్కరణలు ఆ దారిని మరింత వెడల్పు చేశాయి. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, హార్డ్‌డిస్కు విడివిడిగా దొరకడంతో ‘అసెంబుల్డ్ సిస్టమ్’ వాడుకలోకి వచ్చింది. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్ ఎలాగో, జంటనగరాలకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అలా కంప్యూటరు సామానుల కూడలి అయింది. రేడియోలు, టీవీలు బాగుచేసి చేయి తిరిగినవారికి మానిటరు, విద్యుత్తును తగిన వోల్టేజీకి మార్చి భాగాలకు అందించే ఎస్‌ఎంపీఎస్ కొత్తగా అనిపించలేదు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో హార్డ్‌వేర్ కోర్సు చేసిన యువకులు తక్కువ పెట్టుబడితో గల్లీలో ఒక గది తీసుకుని సర్వీసు సెంటరు తెరవగలిగారు.

కొనుగోలుదారు దృష్టిలో అసెంబుల్డ్ సిస్టమ్ ఒకే వస్తువు. వ్యాపారి దృష్టిలో మాత్రం అది ఒక్కో కంపెనీది ఒక్కో భాగంగా, ఒక్కో భాగానికి ఒక్కో వారంటీగా కూడిన సముదాయం. అందువల్ల ఏది చెడినా మొదట జవాబు చెప్పవలసింది బిగించి ఇచ్చినవాడే అయ్యాడు. చెడిన భాగాన్ని డిస్ట్రిబ్యూటరుకు పంపి, బదులు భాగం వచ్చేవరకు కొనుగోలుదారును ఓపిక పట్టించే భారం అతని మీదే పడింది. తన చేతిలో లేని జాప్యానికి మాట పడడం ఈ వృత్తిలో తొలినాటి నుంచీ ఉన్న కష్టం.

అంతకంటె లోతైన వివాదం కూలి దగ్గర తలెత్తింది. సామాను ధర, దాన్ని వేసిన కూలి అనే లెక్కకు ప్రజలు రేడియో దుకాణాల కాలం నుంచీ అలవాటుపడ్డారు. ర్యామ్‌ను ఊడదీసి, దాని అంచున ఉన్న లోహపు పట్టీలను పెన్సిలు రబ్బరుతో తుడిచి తిరిగి బిగించగానే పనిచేసిన కంప్యూటరులో కొత్త సామాను ఏదీ లేదు, పట్టిన సమయమూ స్వల్పమే. కాబట్టి దానికి డబ్బెందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. నిజానికి అక్కడ అమ్ముడైనది లోపం ఎక్కడుందో గుర్తించే నేర్పు. విండోస్, డీటీపీ పనికి కావలసిన పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు మొదలైనవాటిని అనధికార ప్రతులతో ఉచితంగా వేసి ఇచ్చే ఆనవాయితీ ఈ చిక్కును పెంచింది. సాఫ్ట్‌వేరుకు వెల లేదనుకున్నవారికి, దాన్ని వేసే శ్రమకూ వెల లేదనిపించింది. పరీక్షించడానికే తీసుకునే ఇన్‌స్పెక్షన్ చార్జీని దుకాణాలు కాలక్రమంలో ప్రవేశపెట్టడం, నేర్పుకు విడిగా వెల కట్టే ప్రయత్నమే.

ఈ ప్రయత్నానికి చట్టంలో పాత ఆధారమే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, వస్తువును ఒక ప్రయోజనం కోసం మరొకరికి అప్పగించి తిరిగి తీసుకునే ఏర్పాటును బెయిల్‌మెంట్ పేరుతో నిర్వచించింది. 151వ సెక్షను ప్రకారం, వస్తువును పుచ్చుకున్నవాడు వివేకవంతుడైన సామాన్యుడు తన సొంత వస్తువు విషయంలో చూపేంత జాగ్రత్త చూపాలి. 170వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, శ్రమ గాని నైపుణ్యం గాని వినియోగించి సేవ చేసినవాడు తగిన ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తనవద్ద ఉంచుకోవచ్చు. శ్రమతో సమానంగా నైపుణ్యాన్నీ పేర్కొన్న ఆ చట్టం మరమ్మతుదారుకు హక్కు ఇస్తే, 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపంపై ఫిర్యాదు చేసే మార్గాన్ని వినియోగదారుకు చూపింది.

అయితే యంత్రం కన్న విలువైనది అందులోని సమాచారమైనప్పుడు మరమ్మతు నుంచి వినియోగదారు ఆశించేదాని స్వరూపమే మారింది. హార్డ్‌డిస్కును పూర్తిగా తుడిచి విండోస్ మళ్లీ వేసే ‘ఫార్మాట్’ మరమ్మతుదారుకు నిత్యకృత్యం. వినియోగదారుకు మాత్రం అందులో పెళ్లి ఫొటోలు, దుకాణపు లెక్కలు, విద్యార్థి ప్రాజెక్టు ఉంటాయి. డేటా పోయే అవకాశాన్ని ముందే చెప్పి, దానిని కాపీ చేయాలో వద్దో అడిగి, యంత్రంతోపాటు అందిన చార్జరును, చెప్పిన ఫిర్యాదును, అంచనా ఖర్చును జాబ్‌కార్డు మీద రాసి సంతకం తీసుకునే పద్ధతి, నోటిమాట మీద సాగిన వృత్తికి క్రమశిక్షణ నేర్పింది.

ల్యాప్‌టాప్‌లు పెరిగాక, మదర్‌బోర్డుకే అతికించిన ర్యామ్, అందుబాటులో లేని విడిభాగాలు చిన్న దుకాణం పరిధిని కుదించాయి. బోర్డు మార్చే పనికి బదులు బోర్డు మీది చిప్పునే మార్చే ‘చిప్ లెవెల్’ పని నేర్చినవారు నిలదొక్కుకున్నారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించడం వస్తువును బాగుచేయించుకునే అవకాశం ప్రజలకు దక్కవలసిందేనన్న భావనకు ప్రభుత్వ గుర్తింపు. ఆ అవకాశం ఆచరణలో నిలవాలంటే విడిభాగాలు దొరకాలి. వాటితోపాటు, లోపాన్ని కనిపెట్టే నేర్పుకు వినియోగదారు న్యాయమైన వెల ఇవ్వాలి, చేయగలిగినదీ చేయలేనిదీ మరమ్మతుదారు పని మొదలుపెట్టకముందే స్పష్టంగా చెప్పాలి.