తడి చెత్తకు దిక్కెవరు?

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో షట్టర్లు మూసిన దుకాణాల ముందు కాలిబాట పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. ఎవరో చదివి వదిలించుకున్న నవల, సిలబస్ మారిపోయిన గైడు, అట్ట ఊడిన నిఘంటువు అక్కడ మళ్లీ ధర పలుకుతాయి. జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇనుము, పాత సామాను వారం వారం చేతులు మారుతుంటాయి. జగదీశ్ మార్కెట్‌లో ఒక ఫోన్ పాడైతే దాని విడిభాగం ఇంకో ఫోన్‌ను బతికిస్తుంది. ఈ పేటలకు రీసైక్లింగ్ గురించి ఒకరు వచ్చి చెప్పాల్సిన పని లేదు. ఎండిన వస్తువుకు ధర ఉన్నంతకాలం కబాడీవాడు దాన్ని వెతుక్కుంటూ మెట్లెక్కి వస్తాడు. అందుకే ఇక్కడి అపార్టుమెంట్ల చెత్త గురించి మాట్లాడేటప్పుడు సీసాలతో, అట్టపెట్టెలతో మొదలుపెట్టడం పొరపాటని నా వాదన. దిక్కులేనిది తడి చెత్త. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, టీ పిప్పి, దేవుడి పటం మీద వాడిన పూలు. దీన్ని విడదీసి ఆ భవనంలోనో ఆ సందులోనో ఎరువు చేస్తే, పొడి చెత్తలో చాలా భాగం శుభ్రంగా మిగిలి తన బజారు తాను చూసుకుంటుంది. విడదీయకపోతే రెండూ పాడవుతాయి. పులుసు అంటిన కాగితాన్ని ఏ కబాడీవాడూ కొనడు, గాజుపెంకులు కలిసిన తొక్కలు ఏ మొక్కకూ పనికిరావు.

ఈ తడి చెత్తకు ఒకప్పుడు దిక్కుండేది. పెరడున్న పాత ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు, మిగిలిన గంజి కుడితి తొట్టిలో పడేవి, గేదె తాగేది. పేడ, పొయ్యి బూడిద, రాలిన ఆకు పెంటకుప్పకు చేరి అక్కడి నుంచి తోటకో పొలానికో వెళ్లేవి. ఆ కాలాన్ని పొగడాలని ఈ మాట చెప్పడం లేదు. మనుషుల మలాన్ని మరికొందరు మనుషుల చేత గంపలకెత్తించిన కాలం కూడా అదే. పారిశుద్ధ్యం పేరుతో కులం చేయించిన ఆ పని తలచుకుంటే పాత రోజులు తిరిగి రావాలని ఎవరికీ అనిపించకూడదు. నేను పట్టుకున్నది ఒక్క వంటింటి వ్యర్థం సంగతి: అది పుట్టిన చోటికి నాలుగడుగుల దూరంలోనే దానికి గిరాకీ ఉండేది. ఆ తర్వాత నగరం మారుతూ వచ్చింది. 1869లో దివాన్ మొదటి సాలార్‌జంగ్ హైదరాబాద్‌కు మునిసిపల్, రోడ్ల శాఖ ఏర్పరచినప్పుడు నగరాన్ని నాలుగు భాగాలుగా, శివారైన చాదర్‌ఘాట్‌ను ఐదు భాగాలుగా చేశారు. 1886లో చాదర్‌ఘాట్ వేరే మునిసిపాలిటీ అయింది. మూసీకి ఉత్తరాన పేటలు పెరిగాయి. ఆరో నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం ఆబిడ్స్ పేటకు పేరైంది, 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చింది. చాదర్‌ఘాట్ మళ్లీ హైదరాబాద్‌లో కలిసి కార్పొరేషన్ ఏర్పడింది 1933లో.

1869కీ 1933కీ మధ్యనే నగరం చెత్తను చూసే చూపు మారింది. దానికి బలమైన కారణం ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. కొన్నేళ్లకే ప్లేగు వచ్చింది. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. జలాశయాలతో పాటు భూగర్భ డ్రైనేజీ గురించి కూడా ఆయన సలహా ఇచ్చారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలు తీసి, రోడ్లు వెడల్పు చేసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించింది. ఆ బోర్డు చక్కదిద్దిన పేటల్లో నాంపల్లి కూడా ఉంది. 1931 నాటికి 54 చదరపు కిలోమీటర్లలో, 4.68 లక్షల జనాభాకు సరిపడేలా మురుగు కాలువల వ్యవస్థ సిద్ధమైంది. మురికిని కంటికి కనబడకుండా, ముక్కుకు తగలకుండా దూరం పంపడమే ఆరోగ్యం అన్న సూత్రం ఇలా స్థిరపడింది. ప్లేగును చూసిన తరం ఆ నిర్ణయానికి రావడంలో తప్పేమీ లేదు, మలమూత్రాల విషయంలో అది నేటికీ సరైనదే. అయితే అదే 1931లో, ఇందోర్‌లో పరిశోధన చేసిన ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్‌తో కలిసి వ్యవసాయ వ్యర్థాల మీద తన పుస్తకం వెలువరించారు. పొలం చెత్తను, పేడను పొరలు పొరలుగా పేర్చి, తిరగేసి ఎరువు చేసే ఇందోర్ పద్ధతి దాని ద్వారా లోకానికి తెలిసింది. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణాల చెత్తకు పనికొచ్చే మరో పద్ధతి రూపొందించారు. మన నగరం మొదటి పాఠం నేర్చుకుంది. రెండోదాన్ని పల్లెల పనిగా వదిలేసింది.

అపార్టుమెంటు ఈ మొదటి పాఠానికే వారసురాలు. ఇంప్రూవ్‌మెంట్ బోర్డు బాధ్యతలు తర్వాత హౌసింగ్ బోర్డుకు వచ్చాయి. ఆ బోర్డు కట్టిన గృహకల్ప, గగన్‌విహార్, చంద్రవిహార్ సముదాయాలు నాంపల్లిలో ఎం.జె. రోడ్డు మీద వెలిశాయి. పక్క సందుల్లో ప్రైవేటు భవనాలు లేచాయి, కింద మలిగలు, మధ్యలో ఆఫీసులు, పైన కాపురాలు. 1987 అపార్టుమెంట్ల చట్టం మెట్లకూ లిఫ్టుకూ డాబాకూ అందరినీ ఉమ్మడి యజమానులను చేసింది, అసోసియేషన్ ఉండాలంది. నీటి మోటారు కాలితే అందరూ తలా ఇంత వేసుకుంటారు. చెత్త దగ్గరికి వచ్చేసరికి ఆ ఉమ్మడితనం ఎక్కడా కనిపించదు. అది గడప దాటగానే ఎవరిదీ కాదు. కింది దుకాణం అట్టపెట్టెల మీద పై అంతస్తు వంటింటి సంచి పడుతుంది, అమ్ముడుపోవాల్సిన అట్ట నాని ముద్దవుతుంది. ఇంత కలగాపులగపు వాడకం ఉన్న భవనాలు కొత్త కాలనీల్లో తక్కువ. కాబట్టి గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీలకు రాసిన మందు ఇక్కడ యథాతథంగా పనిచేయదు.

దూరం పంపిన చెత్త ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నను 1996లో ఆల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టు ముందుంచారు. ఆ కేసు ఫలితంగానే 2000లో దేశంలో మొదటి పురపాలక ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. హైదరాబాద్‌కు సంబంధించినంతవరకు జవాబు జవహర్‌నగర్ చెత్త యార్డు. సుమారు 339 ఎకరాల ఆ యార్డులో ఏళ్ల తరబడి పేరుకున్న దాదాపు 1.2 కోట్ల టన్నుల గుట్టను చివరకు మట్టితో, ప్లాస్టిక్ పొరలతో కప్పాల్సి వచ్చింది. గాలి తగలకుండా కుళ్లిన తిండి మీథేన్ అవుతుంది, దానిలోంచి కారే నల్లటి రసం భూమిలోకి దిగుతుంది. పక్కనున్న మల్కారం చెరువు నీళ్లు చెడిపోయాయి. కంపు భరించలేక చుట్టుపక్కల జనం రోడ్డెక్కారు. చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు 2020లో మొదలై 24 మెగావాట్లకు పెరిగింది కదా, ఇక వేరుచేయడం ఎందుకని అడిగేవారున్నారు. తడిసిన అన్నం, బీరకాయ తొక్క మండవు. ముందు వాటిలోని నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చవుతుంది. కాల్చే ప్లాంటుకైనా మేలు చేసేది వంటింట్లో పెట్టిన రెండో బుట్టే.

చట్టం ఏమంటోంది? 2016 నియమాలు రోజుకు 100 కిలోలు మించి చెత్త వచ్చే చోటును భారీ ఉత్పత్తిదారుగా లెక్కగట్టాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు, సంస్థలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలన్నాయి. ఒక కుటుంబం నుంచి రోజుకు అర కిలో తడి చెత్త అనుకుందాం. 30 ఫ్లాట్ల పాత భవనం నుంచి వచ్చేది 15 కిలోలు. పొడిది కలిపినా 100 దాటదు. అంటే ఆబిడ్స్, నాంపల్లి సందుల్లోని భవనాల్లో అధిక భాగం ఈ నిబంధన కిందికి రావు. ఏప్రిల్ 2026 నుంచి అమలయ్యే కొత్త నియమాలు చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది అని నాలుగుగా విడదీయమంటున్నాయి, ఇది అందరికీ వర్తిస్తుంది. బరువు లెక్కన భారీ ఉత్పత్తిదారు గీత మాత్రం 100 కిలోల దగ్గరే ఉంది. ఇది లోపమని నేననుకుంటున్నాను. పాతపేటల్లో లెక్కకు తీసుకోవాల్సింది ఒక భవనాన్ని కాదు, సందును. ఎనిమిది భవనాలు కలిస్తే 100 కిలోల తడి చెత్త సులువుగా అవుతుంది. ఆ సందంతటికీ ఒక్క ఎరువు తొట్టి సముదాయం సరిపోతుంది.

జాగా ఎక్కడిదన్నది మొదటి అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. సెల్లార్ నిండా బండ్లు, డాబా నిండా ట్యాంకులు. అయినా 15 కిలోల భవనానికి కావాల్సింది ఒక కారు నిలిపేంత చోటు, గాలి ఆడే మూడు తొట్లు. ఒకటి నింపుతుంటే రెండోది మాగుతుంటుంది, మూడోదాన్ని ఖాళీ చేస్తుంటారు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ ప్రదర్శన నడిచినన్ని రోజుల్లో ఒక తొట్టి పక్వానికి వస్తుంది. కంపు, పురుగుల భయం రెండో అభ్యంతరం. కంపు కొట్టేది ఎరువు కాదు, గాలి ఆడని బురద. తడి చెత్తలో నత్రజని, నీరు ఎక్కువ. దానికి ఎండుటాకు, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు వంటి కర్బనం ఎక్కువున్న సరుకు జోడించి, వారానికోసారి తిరగేస్తే కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి క్రిములు చస్తాయి. గుప్పెట పట్టి పిండితే నీరు ధారగా కారకూడదు, చేయి చెమ్మగిలితే చాలు. ప్లైవుడ్ పొట్టులో జిగురు మందులుంటాయి కాబట్టి వాడకూడదు. ఎముకలు, నూనె ఓడే బిర్యానీ మిగులు మొదటి నెలల్లో దూరం పెట్టడం మంచిది, చేయి తిరిగాక కొద్దికొద్దిగా కుప్ప నడుమ కప్పిపెట్టవచ్చు. ఎండుటాకు ఎక్కడ దొరుకుతుందని అడగొచ్చు. నాంపల్లివాళ్లకు ఆ చింత ఉండనక్కర్లేదు. పబ్లిక్ గార్డెన్స్‌లో అంత పాత చెట్లుండగా, రాలిన ఆకును ఊడ్చి బస్తాలకెత్తి పక్క సందుల తొట్లకు ఇప్పించగలిగితే రెండు చోట్ల చెత్త ఒకేసారి తగ్గుతుంది. తయారైన ఎరువు కూడా తిరిగి ఆ తోటకే పోవచ్చు.

మేం వేరుచేసినా బండిలో అంతా కలిపేస్తారు కదా అన్నది మూడోది. ఈ కోపం న్యాయమైనదే. 2015లో కార్పొరేషన్ 22 లక్షల ఇళ్లకు ఆకుపచ్చ, నీలం డబ్బాలు రెండేసి చొప్పున 44 లక్షలు పంచింది, చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు దించింది. డబ్బా ఇచ్చినంత సులువుగా అలవాటు రాలేదు. చాలా ఇళ్లలో ఆ డబ్బాలు బియ్యానికీ నీళ్లకూ వాడుకలోకి వచ్చాయి. అయితే తడి చెత్త భవనంలోనే ఆగిపోతే ఈ అభ్యంతరమే మిగలదు. బండి ఎక్కనిదాన్ని బండివాడు ఎలా కలుపుతాడు? ఇది తెలుగునేల మీద అసాధ్యమూ కాదు. 2000ల తొలి ఏళ్లలోనే సూర్యాపేట పురపాలక సంఘం వీధి కుండీలు ఎత్తేసి, ఇంటింటికీ వెళ్లి తడి, పొడి వేర్వేరుగా తీసుకొని, ఎరువు చేసి దేశం దృష్టిలో పడింది. 2012లో వరంగల్ అదే బాట పట్టింది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థం నుంచి గ్యాస్, కరెంటు తీస్తున్నారు. ఆ విజ్ఞానం మన తార్నాకలోని ఐఐసీటీ పరిశోధన సంస్థదే.

పన్ను కడుతున్నాం, ఈ పని కూడా మేమే చేయాలా అనేవారికి ఒక మాట. కట్టే పన్ను చెత్త మోయడానికి. కలిపేసిన చెత్తను మళ్లీ విడదీసే పనికి ఎవరూ ఏమీ కట్టడం లేదు. ఆ పని జరగకుండా మాత్రం లేదు. ఆటో వెనక నిలబడిన స్త్రీ, గుట్ట మీద ఏరుకునే పిల్లవాడు మన బ్లేడ్ల మధ్య, మన శానిటరీ ప్యాడ్ల మధ్య ఉత్త చేతులు పెట్టి చేస్తున్నారు. వేరుచేస్తే ఏరుకునేవారి పొట్ట కొట్టినట్టే అన్న వాదన తలకిందులైనది. శుభ్రమైన అట్టకు, ప్లాస్టిక్‌కు వారికి వచ్చే ధర ఎక్కువ, తగిలే గాయం తక్కువ. ఎరువు తొట్టి చూసుకోవడం కూడా జీతమిచ్చి చేయించాల్సిన కొత్త పనే, వాచ్‌మన్ భార్య నెత్తిన ఊరకే రుద్దేది కాదు. ఆ జీతం, గ్లోవ్స్ ఖర్చు మెయింటెనెన్స్‌లో రాయాల్సిందే.

అసోసియేషన్ల కార్యదర్శులకు, సభ్యులకు విన్నపం. వచ్చే సర్వసభ్య సమావేశంలో లిఫ్టు రిపేరు, పార్కింగ్ తగాదాలకు ముందు దీన్ని పెట్టండి: తొట్లకు ఒక కారు చోటు, చూసుకునే మనిషికి నెల జీతం, తడి చెత్త విడిగా ఇవ్వని ఫ్లాటుకు రెండు హెచ్చరికలు. చోటే లేకపోతే పక్క భవనం వాళ్లను కలుపుకొని కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసుకు వెళ్లండి. సందుకు ఒక ఎరువు తొట్టి, దానికి పబ్లిక్ గార్డెన్స్ ఎండుటాకు కావాలని రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి.