మొదటి చలికాలం ఖర్చు

విదేశాలలో చదివిన మనవాళ్ల చరిత్రను మనం సాధారణంగా వెనుకనుంచి రాసుకుంటాము. ముందు కీర్తి, తర్వాత పట్టా, చివరికి చోటు మిగిలితే, తొలిరోజులలో కొన్ని కష్టాలు పడ్డాడని ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యాన్ని విప్పి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఆ రోజులలో తిండీ, గదీ, ఉన్నిబట్టా ఎవరి డబ్బుతో వచ్చాయని అడగగానే వ్యక్తి చరిత్ర కాస్తా సంఘ చరిత్ర అవుతుంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో తట్టలేదు. నేను పాఠం చెప్పే పుట్టపర్తిలో ఏటా డిసెంబరు నెలలో ఒక విడ్డూరం కనబడుతుంది. చలిదేశాలవాళ్లు ఆశ్రమానికి వస్తూ ఉంటారు; అదే నెలలో మా పిల్లలు కొందరు జనవరి తరగతులకని చలిదేశాలకు పోతూ ఉంటారు. వానకు మొహంవాచిన ఈ మెట్టసీమలో చలి అనేది కురుబలు నేసిన కంబళి కప్పుకుంటే తీరిపోయేది. ఆమధ్య అమెరికా వెళ్తున్న ఒక కుర్రవాడు, "కంబళి ఒకటి పెట్టుకుంటే చాలదా సార్?" అని అడిగాడు. తండ్రి వేరుశనగ వేసే రైతు. చదువుకు బ్యాంకు అప్పు. అది చాలక పొలం మీద ఇంకొక అప్పు. నాకు వెంటనే యల్లాప్రగడ సుబ్బారావు జ్ఞాపకం వచ్చాడు.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరాడు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదవాలని వచ్చాడు. సీటు ఇచ్చారు, విద్యార్థి వేతనం ఇవ్వలేదు. అక్కడ అక్టోబరు చివరంటే చెట్లు ఆకురాల్చే కాలం. మరి రెండు నెలలకు సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది, రాత్రులు నీళ్లు గడ్డకడతాయి. చేతిలో ఉన్నది మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఇచ్చిన డబ్బూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండా. ఈ రెండో దానిని ఒక్క క్షణం ఆగి చూడాలి. నాయకర్ ఆస్తి రంగూనులో కూడబెట్టినది. ఆ రంగూను రేవులో బరువులు మోసినవాళ్లలో అత్యధికులు కోరంగివాళ్లని పేరుపడ్డ తెలుగు కూలీలు. అంటే, పేరులేని వేలమంది వీపుల మీదుగా సాగిన వ్యాపారంలో పోగైన ధనంలో ఒక పిసరు, ఒక విద్యార్థిని సముద్రం దాటించింది. దాతను తక్కువ చేయటానికి కాదు ఈ మాట. లెక్కలో కూలీ పద్దు కూడా ఉండాలని.

డబ్బు చాలలేదు. మరి ఆయన వైద్యుడే గదా, ఆసుపత్రిలో కొలువు దొరకలేదా? దొరకలేదు. ఎందుచేత? మద్రాసు వైద్య కళాశాలలో గాంధీ పిలుపు విని ఖద్దరు అంగీ తొడుక్కుని శస్త్రచికిత్స గదికి వెళ్లాడు. ఆంగ్లేయుడైన ఆచార్యుడికి కన్నెర్ర అయింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా రాక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. వచ్చింది. ఆ తక్కువ పట్టా బోస్టన్ దాకా వెంటాడింది. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరి, రోగుల మలమూత్రపు పాత్రలు కడిగాడు. పగలు తరగతి, రాత్రి చాకిరీ. ఆ చలికాలంలో ఎండ మొహం చూసిన రోజులు తక్కువే అయి ఉండాలి. మద్రాసులో కట్టిన ఖద్దరుకు సామ్రాజ్యం వసూలు చేసిన జరిమానా ఇది.

మేధావి గనుక తట్టుకున్నాడని అనేవారున్నారు. నేను ఒప్పుకోను. మేధ చలికి అడ్డం రాదు. ఇరవై ఏళ్లకు ముందు, 1902లో, చిత్తూరు సీమనుంచి కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జికి వెళ్లాడు. ఆయనా మేధావే. కాని ఆయనకు ప్రభుత్వ విద్యార్థి వేతనం ఉంది. పాత్రలు కడిగే అవసరం లేకపోయింది. తేడా బుర్రలో లేదు, జేబులో ఉంది.

సుబ్బారావు ఇంకా బోస్టన్ చలికి అలవాటు పడక ముందే, 1923 ఫిబ్రవరి 19న, అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు "తెల్లవాళ్లు" కారనీ, పౌరసత్వానికి అర్హులు కారనీ తీర్పు చెప్పింది. థింద్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అయినా అక్కర లేకపోయింది. విద్యార్థిగా ఉండనిస్తారు, పనివాడిగా వాడుకుంటారు, పౌరుడు మాత్రం కారాదు. 1946లో చట్టం మారేదాకా, అదీ ఏడాదికి 100 మంది వలసదారుల పరిమితితో, ఇదే పరిస్థితి.

తర్వాతి సంగతులు అందరూ ఎరిగినవే. 1923లో డిప్లొమా, 1925లో భాస్వరాన్ని కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి, 1930లో డాక్టరేటు. అవి మరొక వ్యాసానికి సంబంధించినవి.

ఆ చలికాలపు ఖర్చులో ఎవరూ రాయని పద్దు ఇంకొకటి ఉంది. ఆయన ఓడ ఎక్కేనాటికి భార్య శేషగిరి గర్భవతి. పుట్టిన కొడుకు ఏడాది తిరక్కుండానే పోయాడు, తండ్రి చూడనేలేదు. తిరిగి వస్తానన్న మనిషి 1948 ఆగస్టులో న్యూయార్కులో చనిపోయేదాకా రాలేదు. ఆయన జీవితకథలు రాసిన చేతులు ఆమెకు రెండు మూడు వాక్యాలు కేటాయించి, "త్యాగమూర్తి" అని చెప్పి ముందుకు పోతాయి. త్యాగం చేస్తావా అని ఆమెను ఎవరు అడిగారు?

మా కుర్రవాడి ఖాతాలో ఏముంది? విద్యార్థి వీసా మీద తరగతులు జరిగేటప్పుడు కళాశాల ఆవరణలో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. అప్పుకు వడ్డీకి మాత్రం గంటల పరిమితి లేదు. వాళ్లమ్మ కంబళి మడిచి పెట్టెలో పెట్టింది. తూకం 23 కిలోలు దాటుతున్నదని బయలుదేరే రాత్రి దాన్ని తీసి మంచం మీద పెట్టి, ఆ చోట పప్పూ కారప్పొడీ సర్దారు.