వైన్స్ అరలో ఇప్పసారా ఎందుకు లేదు?



హాస్టల్ నుంచి కాలేజీకి నేను అబిడ్స్ మీదుగానే నడుస్తా. ఆ పేరే ఒక దుకాణం వల్ల వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ షాపు నడిపాడు. అక్కడి నుంచి నాంపల్లి వైపు పోతే అబ్కారీ భవన్. రాష్ట్రంలో ఏ మద్యం ఎవరు అమ్మాలో చూసే శాఖది. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు రంప గుర్తొస్తది.

1879లో రంప కొండల్లో కొండరెడ్లు, కోయలు ఎందుకు తిరగబడ్డారు? పోడు మీద ఆంక్షలు, పోలీసుల దోపిడీ ఉన్నాయి, నిజమే. కానీ నిప్పు రాజేసింది కల్లు. మద్రాసు ప్రభుత్వం ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నేరం చేసి, ఆ హక్కుని గుత్తకిచ్చింది. అప్పటికే మన్సబుదారు చిగురుపన్ను గుంజుతున్నాడు. మన చెట్టు, మన కల్లు, డబ్బులు మాత్రం గుత్తేదారుకి! కారం తమ్మన్నదొర లాంటోళ్లు స్టేషన్ల మీద పడ్డారు. ఆ తిరుగుబాటు భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా పాకింది.

ఇప్పటి పద్ధతి చూడండి. 1968 ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా సారా కాస్తే కేసు. వైన్స్‌ది ఏ4 లైసెన్సు. అందులో విస్కీ, బ్రాందీ, బీరు లాంటివే అమ్మాలి, అవీ ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే తెచ్చుకోవాలి. కల్లుకి వేరే లైసెన్సు. అంటే షాపు ఓనరు మనోడే అయినా, మన ఊరి ఇప్పసారా సీసా ఒక్కటి కూడా అరలో పెట్టలేడు.

2021 నుంచి తెలంగాణలో మద్యం షాపుల్లో ఎస్టీలకి 5 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మంచిదే అనుకుందాం. కానీ 2023లో దరఖాస్తు ఫీజే 2 లక్షలు, లాటరీ తగలకపోతే తిరిగి రాదు. 2025లో 3 లక్షలు చేశారు. పూలు ఏరే ఇంట్లో అంత డబ్బు ఎక్కడిది?

సారా అంటేనే మంచిది అని నేననట్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఊరికే కొట్లాడలేదు. వాళ్ల పోరాటం వల్లే 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో నిషేధం ఎత్తేశారు, విస్కీ, బ్రాందీ తిరిగొచ్చాయి. సారాకి మాత్రం దారి తెరవలేదు. మా అమ్మ పండగకి వేల్పుల ముందు పోసే దోసెడు ఇప్పసారాకి భయపడాలి. మా వీధి బెల్టు షాపు మాత్రం పొద్దున్నే తెరుస్తారు. నాన్న కూలి డబ్బు సగం అక్కడికే పోయేది. అమ్మకి కోపం ఆ షాపు మీదే.

మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాని వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ సంఘాల చేత కాయిస్తోంది. మన దగ్గర ఉట్నూరు వైపు ఆడవాళ్లు ఇప్పపూల లడ్డూ చేస్తున్నారు, దాకా మాత్రం వచ్చాం.

1996 పెసా చట్టం సెక్షన్ 4 చదవండి. మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి, పంచాయతీకి ఉండాలని అందులో ఉంది. మీ ఊళ్లో వైన్స్ పెట్టేముందు గ్రామసభ జరిగిందా? తీర్మానం కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే సెలవులకి వచ్చేటప్పుడు తీసుకురండి.