వాచీ బెల్టు వెనక లంద (మన చేతి వస్తువుల చరిత్ర - 9)



"అన్నా, ఇంటర్వ్యూకు పెట్టుకుపోయే వాచీ ఏది కొనాలె? రెండు వేలు దాటొద్దు" అని నిజామాబాద్, బోధన్ హాస్టళ్ల నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు. చెప్తాను. కానీ ఆ వాచీని చేతికి కట్టి ఉంచే తోలు మన వాడల పని కాబట్టి, ముందు చరిత్ర, తర్వాతే బజారు.

గడియారం మొదట జేబులో ఉండేది. దానికి కోటు కావాలి, కోటుకు జేబు కావాలి, పైన గొలుసు కావాలి. గోచి పెట్టుకొని పొలంలో దిగే మనిషికి జేబెక్కడిది? మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికులకు కూడా తుపాకీ పట్టుకొని జేబులోంచి గడియారం తీయడం కుదరలేదు. తోలు పట్టీతో మణికట్టుకు కట్టుకున్నారు. అంతకుముందు చేతి గడియారం ఆడవాళ్ల నగ అని నవ్విన మగవాళ్లే దాన్ని కట్టుకొని ఇళ్లకు వచ్చారు. కోటు లేనివాళ్లకు గడియారం అందింది ఈ పట్టీ వల్లనే అని నా లెక్క.

మరి తోలు ఎట్లా తయారయ్యేది? మన పల్లెల్లో చచ్చిన పశువును ఊరి బయటికి మోసింది మాదిగవాడ. చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు రాల్చి, లోపలి మాంసం గీకి, తంగేడు చెక్క నానేసిన నీళ్లలో వారాల తరబడి ఉంచేవాళ్లు. తిత్తిలా కుట్టి లోపల ఆ నీళ్లు పోసి వేలాడదీసే పద్ధతి కూడా ఉండేది. తంగేడు చెక్కలో ఉండే టానిన్ చర్మంలోని ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, ఇక అది కుళ్లదు. ఏ కాలేజీలోనైనా దీన్ని కెమిస్ట్రీ అంటారు. లందలో చేసినవాళ్లను మాత్రం అంటరానివాళ్లన్నారు. అదే తంగేడు పువ్వు ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో దానికి పెద్దపీట. దాని చెక్క సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. తంగేడు చెక్కతో సగం పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలకొద్దీ పోయేవి. 20వ శతాబ్దం మొదట్లో క్రోమ్ పద్ధతి వచ్చాక వారాల పని రోజుల్లోకి దిగింది. తోలు పని ఫ్యాక్టరీకి పోయింది, పేరుకు అంటిన మైల మాత్రం వాడలోనే ఉండిపోయింది.

బావిలోంచి నీళ్లు తోడే మోట బొక్కెన మాదిగలదే. ఎడ్ల పలుపులు, వార్లు వాళ్లవే. నడుస్తుంటే చప్పుడు చేసే కిర్రు చెప్పులూ వాళ్లవే. వెట్టి రోజుల్లో వీటిని దొరకు ఊరికే ఇవ్వాలి. ఇచ్చినవాడు గడీ ముందుకు వచ్చేసరికి తన చెప్పులు విప్పి చేతపట్టుకోవాలి. ఒంటి మీద ఏముండాలో పైకులాలే నిర్ణయించే ఈ పద్ధతిని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు. ఇండోర్ జిల్లాలో బలాయీలు జరీ అంచు తలపాగాలు చుట్టొద్దు, రంగు అంచు ధోవతులు కట్టొద్దు, వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టుకోవద్దు అని పెట్టిన కట్టుబాట్లను వరుసగా చూపించాడు. (అది మధ్యభారతంలోని ఇండోర్. మన నిజామాబాద్ పాత పేరు ఇందూరు, ఇక్కడి సంగతీ వేరేమీ కాదు.)

ఇక బోధన్. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరుకు వచ్చింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. పొలంలో పొద్దు పొడుపు నుంచి పొద్దు గూకేదాకా పని, లెక్క దొర నోట్లో ఉంటుంది. ఫ్యాక్టరీలో షిఫ్టు ఉంటుంది, షిఫ్టుకు గంటలుంటాయి. ఆ గంటల వెనక కూడా బాబాసాహెబ్ ఉన్నాడు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండగా 1946లో ఫ్యాక్టరీల చట్టానికి తెచ్చిన సవరణతో వారానికి 54 గంటల పని 48కి దిగింది. సీజన్‌లో మాత్రమే నడిచే ఫ్యాక్టరీలకు 60 నుంచి 50కి. 1948 చట్టం 48 గంటలను అందరికీ ఖాయం చేసింది, అంతకుమించి చేస్తే రెట్టింపు కూలి అన్నది. హైదరాబాద్ విలీనం తర్వాత అది మన దగ్గరికీ వచ్చింది. వాచీ కట్టుకున్న కార్మికుడు సూపర్‌వైజర్ మాట మీద ఆధారపడక్కరలేదు, తన ఓవర్‌టైం తనే లెక్కపెట్టుకోగలడు. చెరుకు కొట్టేవాళ్లకు మాత్రం ఈ భాగ్యం లేదు. వాళ్లకు టన్ను లెక్కన కూలి, ఎన్ని గంటలు పట్టిందని అడిగేవాడే లేడు.

వాచీ సామాన్యుడి చేతికి వచ్చింది 1961 తర్వాత. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ చేతి గడియారాలు మొదలుపెట్టింది. అందులో 'జనత' మోడల్ రోజూ తాళమిచ్చుకునే 17 జ్యూయెల్స్ వాచీ. రిజర్వేషన్‌తో మొదటి ఉద్యోగం వచ్చిన తరం మొదటి జీతంలో కొనుక్కున్నది ఇట్లాంటిదే. పెళ్లిలో సైకిల్, రేడియో పక్కన కూర్చున్నదీ ఇదే, ఆ కట్నం సంగతి ఇంకోసారి తిడతాను. బోధన్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టారు, 2015 డిసెంబరులో మూతపడింది. వారాలు తిరక్కముందే, 2016 జనవరిలో, హెచ్ఎంటీ వాచెస్‌ను మూసేయడానికి కేంద్రం ఆమోదం తెలిపింది. రిజర్వేషన్ ఉన్న కొలువులు పోయిన దారి ఇది.

ఇప్పుడు బజారు. ఇంటర్వ్యూ వాచీ పల్చగా ఉండాలి, చొక్కా కఫ్ కిందికి పోవాలి. తెల్ల డయల్, రెండు ముళ్లు, మహా అయితే తేదీ. సన్నటి మణికట్టుకు 34 నుంచి 38 మిల్లీమీటర్ల డయల్ చాలు. టైటాన్ వాళ్ల సొనాటాలో, కాసియో ముళ్ల వాచీల్లో రెండు వేల లోపు దొరుకుతాయి. బ్యాటరీ వాచీ సిగ్గుపడాల్సిందేం కాదు, తాళమిచ్చేదానికన్నా టైం కచ్చితంగా చూపిస్తుంది. పాత హెచ్ఎంటీ మీద మోజుంటే జాగ్రత్త. డయల్‌కు కొత్త రంగేసి, వేరే వాచీ భాగాలు కలిపి అమ్మేవే ఎక్కువ. మెరిసిపోయే ఎర్ర డయల్ 'జనత'ను అనుమానించండి. పేరున్న పాత మెకానిక్‌కు మూత తీసి చూపించాకే డబ్బులివ్వండి.

బెల్టు అంచు చూడండి. నిజం తోలుకు కోసిన చోట పీచు కనబడుతుంది, రెక్సిన్‌కు గుడ్డ పొర కనబడుతుంది. 'జెన్యూన్ లెదర్' అని ముద్ర ఉన్నంత మాత్రాన మంచి పొర అని కాదు. చర్మాన్ని చీల్చిన కింది పొరకు పూత పూసి కూడా అదే ముద్ర వేస్తారు. తోలుకు శత్రువు చెమట. మే నెలలో మన నిజామాబాద్ ఎండకు ఆర్నెల్లలో లోపలివైపు నల్లబడి కంపు కొడుతుంది. వేలు దూరేంత వదులుగా కట్టుకోండి, ఇంటికి రాగానే విప్పి పొడి గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. తడిస్తే ఎండలో పెట్టొద్దు, పగులుతుంది. నెలకోసారి రంగులేని లెదర్ క్రీమ్ పల్చగా రాస్తే చాలు. చెప్పులకు ఆముదం పట్టించినట్టు దీనికి పట్టించకండి, గమ్ ఊడిపోతుంది, కఫ్‌కు మరకలవుతాయి.

కొత్త బెల్టు మణికట్టుకు వదులైతే షాపుకు పరుగెత్తక్కరలేదు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఆరెతో నిమిషంలో ఇంకో తూటు వేస్తాడు. ఆయన అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి. చేతి కిందికి ఆరె, రంపె, గూటం తప్ప ఇంకేమీ లేని ఆ మనిషి కోసమని 1973లో లిడ్‌క్యాప్ అనే తోలు కార్పొరేషన్ పెట్టారు. దాని భూములూ లెక్కలూ పదో భాగంలో.