పట్టాలు పోయినా దారి పోకూడదు

మేము నివసించే కాపెల్ పట్టణానికి పేరు పెట్టింది రైలే. మొదట దీనిని గిబ్స్ స్టేషన్ అనేవారు. రైలు కంపెనీల వ్యవహారాలలో పాలుపంచుకున్న జార్జ్ కాపెల్ పేరు మీద 1892లో ఇప్పటి పేరు వచ్చింది. ఈ రైలుమార్గం పత్తి పండే సీమల గుండా సాగేది గనుక దానిని 'కాటన్ బెల్ట్' అన్నారు.

లారీలు, కార్లు పెరిగాక అమెరికాలో వేలాది మైళ్ల రైలుమార్గాలు మూతబడ్డాయి. రైలు ఆగితే ఆ నేల ఎవరిది? చాలాచోట్ల కంపెనీకి రైలు నడుపుకొనే హక్కే తప్ప నేల సొంతం కాదు. మార్గాన్ని వదిలేస్తే నేల ఇరుపక్కల ఆసాములకు పోతుంది. అలా ముక్కలైన దారిని మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం.

దీనికి 1983లో ఒక చట్టం ఉపాయం చూపింది. రైలు ఆగిన దారిని కాలిబాటగా, సైకిలుబాటగా వాడుకోవచ్చు. ఎప్పుడైనా అవసరపడితే రైలు తిరిగి రావచ్చు. ఆసాములు కోర్టుకెక్కినా, 1990లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందన్నది. మిస్సోరీలో 1986లో ఆగిన 'కేటీ' రైలుమార్గం ఈ చట్టం వల్లనే సుమారు 240 మైళ్ల బాట అయింది. అదే రైలు కంపెనీ డాలస్‌లో వేసిన ఒక దారి 1993లో నగరానికి దానంగా వచ్చింది. నేడు ఆ మూడున్నర మైళ్ల మీద పసివాళ్ల బండ్లు, సైకిళ్లు తిరుగుతున్నాయి.

మన కాటన్ బెల్ట్ కథ వేరు. ప్రాంతీయ రవాణా సంస్థ డార్ట్ 1990లో ఆ దారిని కొని చేతిలో ఉంచుకున్నది. 35 ఏళ్ల తరువాత, 2025 అక్టోబరు 25న, దాని మీద 'సిల్వర్ లైన్' ప్రయాణికుల రైలు మొదలైంది. పక్కనే నడకబాట కూడా విడతలుగా వేస్తున్నారు. దారి తెగిపోయి ఉంటే రైలూ లేదు, బాటా లేదు.

మాది సముద్రం దాటిన కుటుంబంలో మూడవ తరం. తాతగారు ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. మా తరానికి ఆ మాట ఆగిపోయింది. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రపు తరగతిలో కూర్చుని మేము తెలుగు అక్షరాలు దిద్దుకున్నాము. మా తెలుగు రైలులా పరుగెత్తదు; నెమ్మదిగా నడుస్తుంది. అయినా దారి తెగలేదు. ఆ దారి మీద మా మనవలు రైలే నడుపుతారో, నడిచే పోతారో వారి ఇష్టం. దానిని ముక్కలు కానీయకుండా వారికి అప్పగించడం మాత్రం మన వంతు.