తుపాకి గొట్టం నుండి రాగి గొట్టం దాకా

ఇంగ్లండులో శీతకాలం దీర్ఘమైనది. అక్కడి ఇండ్లలో గోడలో అమర్చిన పొయ్యి వంటకు కాదు, చలి కాచుకొనుటకు. పూర్వం అందులో బొగ్గు మండేది. తరువాత వాయువు మండసాగినది. ఆ వాయువును పొయ్యికి తెచ్చే గొట్టం ఏ లోహంతో చేసినదై ఉండవలెను? ఎంత లావు ఉండవలెను? అతుకు ఎట్లు వేయవలెను? చిన్నవిగా తోచే ఈ ప్రశ్నలకు సరియైన సమాధానాలు సమకూరడానికి సుమారు రెండు వందల సంవత్సరాలు పట్టినది.

మొదటి గొట్టాలు

విలియం మర్డాక్ అనే ఇంజనీరు 1792లో రెడ్రూత్ పట్టణంలో, బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి, వెలువడిన వాయువుతో తన ఇంట దీపాలు వెలిగించినాడు. తగరపు పూత పూసిన ఇనుప గొట్టాలు, రాగి గొట్టాలు అమర్చి వాయువును సుమారు 70 అడుగుల దూరం తీసుకొనిపోయినాడు. 1812లో లండనులో వాయు సరఫరాకు కంపెనీ ఏర్పడినది. వీథులలో వేసే పెద్ద గొట్టాలను పోత ఇనుముతో చేయవచ్చును. ఇంటిలోనికి పోవలసిన సన్నని గొట్టాలకే కొరత.

1815లో నెపోలియనుతో యుద్ధాలు ముగిసినవి. పనిలేక పడియున్న తుపాకి గొట్టాలకు మరలు కోసి, ఒకదానికొకటి బిగించి, వాయువుకు వాడుకొన్నారు. ఇనుప వాయు గొట్టానికి ఇంగ్లండు పనివారి నోట ‘బ్యారెల్’ అనే పేరు నిలిచినది. తుపాకి గొట్టానికి వారి మాట అదే. 1825లో కార్నీలియస్ వైట్‌హౌస్ ఒక ఉపాయం కనిపెట్టినాడు. బాగుగా కాల్చిన ఇనుప పట్టీని గుండ్రని రంధ్రం గుండా లాగితే, అది గొట్టంగా ముడుచుకొని అంచులు అతుక్కొనేవి. దానితో పొడవైన ఇనుప గొట్టాలు చవకగా లభించినవి.

ఇండ్ల లోపల సీసపు మిశ్రలోహపు గొట్టాలు కూడ వాడినారు. వాటిని చేతితో వంచి ఏ మూలకైనా తిప్పవచ్చును. కాని ఆ మెత్తదనమే వాటి దోషం. మేకు దిగితే చిల్లి పడేది. సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగుతుంది. కావున ఇల్లు అంటుకొంటే గొట్టమే కరిగి, మంటకు మరింత వాయువును అందించేది.

దీపపు గొట్టానికి పొయ్యి

1880 తరువాత విద్యుద్దీపం పోటీకి వచ్చినది. వాయు కంపెనీలు వంటకు, వేడికి వాయువు అమ్మడంపై దృష్టి మళ్ళించినవి. ఇక్కడే చిక్కు వచ్చినది. సాధారణ దీపానికి గంటకు సుమారు 5 ఘనపు అడుగుల వాయువు చాలును. గదిని వెచ్చబరచే పొయ్యికి సుమారు 40 కావలెను. దీపానికి వేసిన సన్న గొట్టం ఎనిమిది రెట్ల వాయువును మోయగలదా?

గొట్టం గోడల రాపిడి వలన వాయుపీడనం దారి పొడవునా తగ్గుతుంది. ఈ విషయమై 19వ శతాబ్దిలో విలియం పోల్ ఒక సూత్రం ఇచ్చినాడు. పొడవు, పీడన నష్టం మారకుండా ఉంటే, ప్రవాహం వ్యాసం యొక్క ఐదవ ఘాతపు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. అనగా వ్యాసం రెట్టింపు చేస్తే, అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే అయినా, ప్రవాహం సుమారు 5.7 రెట్లు అవుతుంది. ఎనిమిది రెట్ల ప్రవాహానికి సుమారు 2.3 రెట్ల వ్యాసం కావలెను. పొడవు నాలుగు రెట్లు పెరిగితే ప్రవాహం సగమవుతుంది. ప్రతి వంపూ మరికొంత పీడనాన్ని హరిస్తుంది. ఈ లెక్క చూడక పాత గొట్టానికే పొయ్యి తగిలిస్తే మంట కృశిస్తుంది, ఆరిపోవచ్చును కూడ. ఆనాటి బొగ్గు వాయువులో విషతుల్యమైన కార్బన్ మోనాక్సైడు ఉండేది; మండక వెలువడితే ప్రాణాపాయమే.

ఒక నట్టు నేర్పిన పాఠం

గొట్టం సరియైనదైనా అతుకు సరిగా లేకపోతే ఏమవుతుంది? 1968 మే 16 తెల్లవారుజామున లండనులోని 22 అంతస్తుల రోనన్ పాయింట్ భవనంలో, 18వ అంతస్తున ఒకరు పొయ్యి వెలిగించబోయినారు. అగ్గిపుల్ల గీయగానే పేలుడు సంభవించి, భవనపు ఒక మూల పై నుండి క్రింది దాకా కూలినది. నలుగురు మరణించినారు. వంటపొయ్యిని సరఫరా గొట్టానికి కలిపే ఇత్తడి నట్టు నాసిరకంది కావడం వలన విరిగి, వాయువు కారినదని విచారణలో తేలినది. 1972లో వాయు భద్రతకు నిబంధనలు వచ్చినవి.

1967 నుండి 1977 వరకు ఆ దేశంలో బొగ్గు వాయువు స్థానంలో సముద్రగర్భపు సహజవాయువును ప్రవేశపెట్టినారు. దాని ఉష్ణవిలువ సుమారు రెట్టింపు; కావున అంతే వేడికి సగం ఘనపరిమాణం చాలినది. కాని అది పొడి వాయువు. బొగ్గు వాయువులోని తడితో ఉబ్బి బిగిసియున్న వీథి గొట్టాల అతుకులలోని నార ఎండిపోయి, వాయువు కారసాగినది. ఒక వాయువుకు తగిన అతుకు మరొకదానికి తగలేదు.

నేడు అక్కడి మీటరు వద్ద పీడనం సుమారు 21 మిల్లీబార్లు. మీటరు నుండి పొయ్యి వరకు నష్టం 1 మిల్లీబారుకు మించరాదు. అందుకు తగినట్లు 15 లేక 22 మిల్లీమీటర్ల రాగి గొట్టం వేసి, పొయ్యి దగ్గర చివరి కొద్ది దూరం మాత్రమే 8 మిల్లీమీటర్ల గొట్టం వాడుతారు. భూమిలో పాలిథీన్ గొట్టం మేలు, అది తుప్పు పట్టదు. కాని వేడికి కరిగేది గనుక ఇంటి లోపల పనికిరాదు.

నేడు హైదరాబాదు, విజయవాడ నగరాలలో కూడ గొట్టాల ద్వారా వంటవాయువు ఇండ్లకు వస్తున్నది. గొట్టం ఎంపిక చేతికి దొరికిన వస్తువును బట్టి కాక, మోయవలసిన వాయువును, పొడవును, తట్టుకోవలసిన వేడిని బట్టి జరగవలెనని ఈ చరిత్ర చెబుతున్నది.