పలుచని పొర క్రొమటోగ్రఫీ: ఆవిష్కరణకూ ఆదరణకూ మధ్య

1. ఉపోద్ఘాతం

మిశ్రమంలోని అణువులను ధ్రువత్వ భేదాన్ని బట్టి వేరుచేసే పద్ధతుల్లో పలుచని పొర క్రొమటోగ్రఫీ అత్యంత సులభమైనది. దీనికి 1938లోనే బీజం పడినా, ప్రయోగశాలల్లో స్థిరపడటానికి సుమారు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ జాప్యానికి గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పద్ధతి స్వరూపం

గాజు పలకపై పూసిన సిలికా జెల్ పొరకు ధ్రువ స్వభావం ఉంటుంది. దాని ఉపరితలంపై గల హైడ్రాక్సిల్ సమూహాలు ధ్రువ అణువులను బలంగా ఆకర్షిస్తాయి. పలక అడుగు అంచును ద్రావణిలో ఉంచితే, ద్రావణి పొర గుండా పైకి పాకుతుంది. ధ్రువత్వం తక్కువగా గల అణువులు దానితోపాటు ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. ఎక్కువగా గలవి చుక్క పెట్టిన చోటికి చేరువలోనే నిలిచిపోతాయి.

3. చారిత్రక పరిణామం

రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ ఆకుల్లోని వర్ణకాలను గాజు గొట్టంలో నింపిన పొడి ద్వారా వేరుచేసే తన పద్ధతిని 1903లో వార్సాలో వివరించారు. 1906లో జర్మన్ భాషలో ప్రకటించిన వ్యాసాల్లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు. 1938లో ఖార్కివ్‌లో నికొలాయ్ ఇజ్మైలోవ్, మరియా ష్రైబర్ ఔషధ మొక్కల సారాలను పరీక్షించడానికి గొట్టాన్ని విడిచి, గాజు పలకపై అల్యూమినియం ఆక్సైడ్‌ను పొరగా పరిచారు. దానిపై వేసిన సారపు చుక్క వలయాలుగా విడిపోయింది. అమెరికాలో కిర్చ్‌నర్ బృందం 1951లో పిండిపదార్థాన్ని బంధకంగా కలిపి పొరను పలకకు అంటిపెట్టుకునేలా చేసి, టెర్పీన్లను వేరుచేసింది. జర్మనీలో ఎగాన్ స్టాల్ 1956 నుంచి ఈ పద్ధతిపై కృషి చేసి, 1958 నాటికి సిలికా జెల్ రేణువుల పరిమాణాన్నీ, పొర మందాన్నీ, పూసే పరికరాన్నీ ప్రమాణీకరించారు.

4. జాప్యానికి కారణం

ఖార్కివ్ పరిశోధన రష్యన్ భాషలో ఉండటం వల్లనే మరుగున పడిందనే వివరణ పాక్షిక సత్యం మాత్రమే. త్స్వెత్ జర్మన్‌లో రాసినా, 1931లో హైడెల్‌బర్గ్‌లో కూన్, లెడరర్ కెరోటిన్లపై ప్రయోగించే వరకు ఆయన పద్ధతికి తగిన ఆదరణ లభించలేదు. కిర్చ్‌నర్ ఇంగ్లీషులో ప్రకటించినా, విస్తృత వ్యాప్తి స్టాల్ కృషి తరువాతనే సాధ్యమైంది. ఒక ప్రయోగశాలలో వచ్చిన ఫలితం మరొకచోట కూడా రావాలంటే పొర, రేణువు, మందం ఒకే తీరుగా ఉండాలి. ఆ ఏకరూపత సమకూరనంత కాలం పద్ధతి దాన్ని రూపొందించిన వారి చేతిపనిగానే మిగిలింది.

5. ముగింపు

ఆలోచన ఖార్కివ్‌ది, పలక రూపం కిర్చ్‌నర్‌ది, వ్యాప్తి స్టాల్‌ది. ఈ చరిత్రను స్టాల్‌తో మొదలుపెడితే తొలి పరిశోధకులకు అన్యాయం జరుగుతుంది. 1938తో ముగిస్తే ప్రమాణీకరణ విలువ మరుగున పడుతుంది. ఆవిష్కర్తను గుర్తించడం ఎంత అవసరమో, ఆవిష్కరణను అందరికీ అందుబాటులోకి తెచ్చిన శ్రమను గుర్తించడమూ అంతే అవసరం.